కళాయి పోయిన కన్ను

షుగర్ జబ్బు చూపును దెబ్బతీసే దారిలో ఇనుము, రాగి, జింకు ఎక్కడ అడ్డొస్తాయి, ఎక్కడ కాపాడతాయి?

ఆ సంక్రాంతికి మా పెద్దమ్మ నా చేతికి బూజుకర్ర ఇచ్చింది. "ఒరేయ్, ఆ మూల చూడరా, నల్లగా ఎట్లా వేలాడుతోందో! పండగపూట ఇంట్లో బూజేమిట్రా?" అంది. చూశాను. రెండు రోజుల కిందటే వెల్ల వేయించిన గోడ, మల్లెపువ్వులా ఉంది. లేదు పెద్దమ్మా అంటే ఒప్పుకోదు. "అదిగో, ఇప్పుడు కిటికీ దగ్గరికొచ్చింది" అంటుంది. ఆమె ఎటు తిరిగితే బూజు అటు తిరుగుతోంది.

పద్నాలుగేళ్లుగా షుగర్ ఉన్న మనిషి. మాత్రలు వేసుకునేది, గుర్తున్నప్పుడు నడిచేది. కంటి డాక్టరు దగ్గరికి మాత్రం ఎప్పుడూ వెళ్లలేదు. కళ్లు బాగానే కనిపిస్తున్నాయి కదా అనేది. మేమూ సరే అనుకున్నాం. ఆ "సరే" ఇప్పటికీ నా గుండెలో ముల్లులా ఉంది.

పండగ మర్నాడు ఆస్పత్రిలో చుక్కల మందు వేసి ముప్పావు గంట కూర్చోబెట్టారు. కంటిపాప విచ్చుకున్నాక లోపల ఫొటో తీసి తెర మీద చూపించారు. పండిన నారింజ రంగు పళ్లెం లాంటిది కనిపించింది. దాని మీద సన్నటి రక్తనాళాలు, వాటి వెంబడి సూదితో పొడిచినట్టు ఎర్రచుక్కలు, అక్కడక్కడా పసుపు రవ్వ చల్లినట్టు మచ్చలు. వీటన్నిటికీ అడ్డంగా, పొగ పట్టిన గాజులా ఒక నల్లటి మరక. కంటి లోపలి జెల్లీలోకి రక్తం ఊరిందని, పెద్దమ్మకు కనిపించిన బూజు అదేనని డాక్టరు చెప్పారు. డయాబెటిక్ రెటినోపతి ముదిరిన దశ అది.

ఆ మరకలో ఉన్నది రక్తం. రక్తంలో ఉన్నది ఇనుము. ఆ కొస పట్టుకుని చదువుతూ పోతే, షుగర్ జబ్బుకూ లోహాలకూ మధ్య నేను ఊహించనంత పెద్ద కథ బయటపడింది.

పెద్దమ్మ ఇంట్లో అటక మీద ఇత్తడి గిన్నెలు ఇప్పటికీ ఉన్నాయి. కళాయి వెలిసిపోయిన గిన్నెలో పులుసు కాచకూడదని ఆమెకు ఎవరూ కెమిస్ట్రీ పాఠం చెప్పలేదు. చింతపండు పులుపు రాగిని కరిగించి పులుసులోకి దించుతుంది, చిలుము చేదు నాలుకకు తగులుతుంది, తిన్నవాళ్లకు కడుపులో తిప్పుతుంది. అందుకే ఏడాదికోసారి కళాయివాడు వీధిలోకొచ్చి, తిత్తి ఊది నిప్పు రాజేసి, ఎర్రగా కాలిన గిన్నెలో నవసాగరం చల్లి, తగరం ముక్క రాసి, గుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే గిన్నె లోపలంతా వెండిలా మెరిసేది. గిన్నెలో ఇత్తడి ఉండటం తప్పు కాదు. ఇత్తడి లేకపోతే గిన్నే లేదు. కళాయి పోవడంతోనే వచ్చింది చిక్కంతా.

మన ఒంట్లోని లోహాల సంగతీ అంతే. నేను చదివినదాంట్లో, డాక్టర్లను అడిగి తెలుసుకున్నదాంట్లో ముఖ్యమైన మాట ఏదంటే ఇదే అంటాను.

చింతపండు పులుపు, ఊదారంగు నీళ్లు

పెద్దవాళ్ల ఒంట్లో ఇనుము మూడు నాలుగు గ్రాములు ఉంటుంది, అంటే ఒక చిన్న మేకంత. జింకు రెండు మూడు గ్రాములు. రాగి గ్రాములో పదో వంతు. ఇంత కొంచెమే అయినా ఇవి లేనిదే ఊపిరి లేదు. ఊపిరితిత్తుల నుంచి ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్‌లోని ఇనుము. క్లోమంలో ఇన్సులిన్‌ను మూటగట్టి దాచేది జింకు. ఆరు ఇన్సులిన్ అణువులు రెండు జింకు అయాన్ల చుట్టూ ఎలా అమరి ఉంటాయో డొరొతీ హాడ్జ్‌కిన్ 1969లో బయటపెట్టారు. షుగర్ జబ్బుకు మందైన ఇన్సులిన్‌లోనే ఒక లోహం కూర్చుని ఉందన్నమాట.

ఇదే ఇనుము ఇంకో పని కూడా చేయగలదు. 1876లో కేంబ్రిడ్జిలో చదువుకుంటున్న హెన్రీ ఫెంటన్ టార్టారిక్ ఆమ్లంలో కాస్త ఇనుప లవణం, కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి, పైన క్షారం పోశాడు. ద్రావణం చక్కటి ఊదారంగుకు మారింది. టార్టారిక్ ఆమ్లమంటే మరేదో కాదు, మన చింతపండు పులుపులో ముఖ్యమైనది అదే. ఇనుము లేకుండా కలిపితే ఆ రంగు రాలేదు. చిటికెడు ఇనుము ఉన్నా చాలు, పని నడుస్తూనే ఉంది. 1894లో ఆయన ఈ సంగతిని వివరంగా ప్రచురించాడు. అందులో నిజంగా ఏం జరుగుతోందో నాలుగు దశాబ్దాల తర్వాత ఫ్రిట్జ్ హేబర్, జోసెఫ్ వైస్ చెప్పారు. ఇనుము తగిలిన పెరాక్సైడ్ విరిగి హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది.

ఈ రాడికల్ బతికేది సెకనులో వంద కోట్లో వంతు. ఎక్కడ పుడితే అక్కడే, పక్కన ఏది ఉంటే దాన్ని కొరుకుతుంది. కొవ్వు కానీ, ప్రొటీను కానీ, డీఎన్ఏ కానీ దానికి ఒకటే. దీన్ని చల్లార్చే ప్రత్యేక ఎంజైమంటూ మన ఒంట్లో లేదు, అది పుట్టకుండా చూసుకోవడమే శరీరానికి తెలిసిన ఉపాయం. పెరాక్సైడ్ మన కణాల్లో రోజూ తయారవుతూనే ఉంటుంది కాబట్టి, కాపలా కాయాల్సింది ఇనుము మీదా రాగి మీదా.

ఆ కాపలా ఎంత గట్టిదో చూడండి. రక్తంలో ఇనుమును ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీను చేయి పట్టుకుని నడిపిస్తుంది. కణంలో ఫెరిటిన్ అనే బోలు బంతిలో పెట్టి మూస్తారు. రాగికి సెరులోప్లాస్మిన్ ఉంది. ఈస్టు కణాన్ని పరీక్షించిన శాస్త్రవేత్తలు, దేనికీ అంటుకోకుండా ఒంటరిగా తిరిగే రాగి అయాను సగటున కణానికి ఒక్కటి కూడా లేదని 1999లో లెక్కతేల్చారు. లక్షల కొద్దీ రాగి పరమాణువులున్న చోట ఒక్కటీ విడిగా లేదు! కళాయి అంటే ఇదీ.

కాపలాదారుల చేతుల్లో ఉన్న ఆయుధాలూ లోహాలే. ఎద్దు రక్తంలో రాగి ఉన్న నీలిరంగు ప్రొటీను ఒకటి ఉందని 1938లోనే తెలుసు, ఎందుకుందో ఎవరికీ తెలియలేదు. 1969లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జో మెకార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ దాని పనేమిటో కనిపెట్టారు. సూపర్ ఆక్సైడ్ అనే ఫ్రీ రాడికల్‌ను పట్టి నిర్వీర్యం చేయడం. దాని పేరు సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్. కణంలో ఒకచోట అది రాగి, జింకుతో పనిచేస్తుంది, కణానికి పొయ్యిలాంటి మైటోకాండ్రియాలో మాంగనీసుతో. కాబట్టి "లోహాలు కంటికి చేటు" అని ఎవరైనా ఒక్క ముక్కలో తేల్చేస్తే నమ్మకండి.

తలుపు వేసుకోలేని ఇల్లు

షుగర్ ఒళ్లంతా పారుతుంటే దెబ్బ కంటికే ఎందుకు ముందు కనిపిస్తుంది?

కంటి లోపల వెనక వైపు ఉండే రెటీనా కాగితమంత పలుచటి పొర. దాంట్లో మసక వెలుతురును పట్టే కణాలు సుమారు 12 కోట్లు, రంగులు పట్టేవి ఓ 60 లక్షలు. బరువుతో పోల్చి చూస్తే శరీరంలో అత్యధికంగా ఆక్సిజన్ తాగే కణజాలాల్లో ఇది ఒకటి. చీకట్లో ఇంకా ఎక్కువ తాగుతుంది. మనం కళ్లు మూసుకుని నిద్రపోతున్నప్పుడు దానికి విశ్రాంతి అనుకుంటాం. నిజానికి చూపు కణాలు చీకట్లోనే అయాన్లను ఆపకుండా తోడిపోస్తూ ఎక్కువ శ్రమ పడతాయి. పైగా ఆ కణాల పొరల్లో డీహెచ్ఏ అనే సున్నితమైన ఒమేగా-3 కొవ్వు దండిగా ఉంటుంది. మూత తీసి ఎండలో పెట్టిన నూనె ఎంత తేలిగ్గా పాడవుతుందో, ఆ కొవ్వు ఆక్సిజన్‌కు అంత తేలిగ్గా లొంగుతుంది. ఆక్సిజన్, వెలుతురు, నూనె మూడూ ఒకే గదిలో ఉన్నాయి.

ఆ గదికి గ్లూకోజు వచ్చే తలుపు మూసుకోదు. కండరాల్లోకి గ్లూకోజు వెళ్లాలంటే ఇన్సులిన్ వచ్చి తలుపు తట్టాలి. రెటీనా రక్తనాళాల లోపలి గోడ కణాలకు ఆ ఏర్పాటు లేదు. రక్తంలో ఎంత చక్కెర ఉంటే లోపలికీ అంత వస్తుంది. వచ్చినదాన్ని మైటోకాండ్రియా కాల్చాలి. పొయ్యిలో పట్టనంత చితుకులు దోపితే పొగ రేగినట్టు, అక్కడ సూపర్ ఆక్సైడ్ పొంగుతుంది. చక్కెర కంటిని, కిడ్నీని, నరాన్ని వేర్వేరు దారుల్లో దెబ్బతీస్తుందని అంతవరకూ అనుకునేవారు. ఆ దారులన్నీ ఈ పొగ దగ్గరే మొదలవుతాయని మైకేల్ బ్రౌన్లీ 2001లో నేచర్ పత్రికలో వివరంగా వాదించారు.

మొదట రాలిపోయేవి పెరిసైట్లు. కేశనాళికను బయటి నుంచి రెండు చేతులా చుట్టి పట్టుకునే కణాలివి. మిగతా శరీరంలో అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే, రెటీనాలో దాదాపు గోడ కణానికొకటి చొప్పున ఉంటాయి. షుగర్ రోగుల రెటీనాలో ఇవి మాయమై, ఖాళీ నీడలు మాత్రమే మిగులుతున్నాయని 1961లో కోగన్, టూసాన్, కువబారా సూక్ష్మదర్శినిలో చూపించారు. పట్టు వదిలిన చోట నాళం బుడగలా ఉబ్బుతుంది. పెద్దమ్మ ఫొటోలోని ఎర్రచుక్కల్లో చాలావరకు ఆ బుడగలే. అవి కారితే నీరు, కొవ్వు ఊరి పసుపు మచ్చలవుతాయి. కొన్ని నాళాలు పూర్తిగా మూసుకుపోతాయి. ఆక్సిజన్ అందని రెటీనా కొత్త నాళాల కోసం కబురు పంపుతుంది. ఆ కబురు పేరు వీఈజీఎఫ్. దాన్ని అందుకుని కొత్త నాళాలు పుట్టుకొస్తాయి కానీ, వానకు మొలిచిన గడ్డిపరకల్లా బలం లేనివి. ఒకరోజు చిట్లుతాయి. అదే బూజు.

ఇదంతా జరుగుతున్నా నొప్పి ఉండదు. ఎరుపు ఉండదు, నీరు కారదు. రెటీనా నడిమి భాగం తడవనంత వరకు చూపూ తగ్గదు. "కళ్లు బాగానే కనిపిస్తున్నాయి" అన్న మాటను పరీక్షగా లెక్కవేయకూడనిది ఇందుకే.

కళాయిని కరిగించే తీపి

ఇప్పటివరకు చెప్పిన కథలో లోహం లేదు, పొగ ఒక్కటే ఉంది. సూపర్ ఆక్సైడ్ చేసే చెరుపు ఒక మోస్తరుదే. అది హైడ్రాక్సిల్‌గా మారినప్పుడే ముప్పు. మారాలంటే విడిగా తిరిగే ఇనుమో రాగో కావాలి. విడి లోహం ఆరోగ్యవంతుల ఒంట్లో దొరకదని ఇప్పుడే కదా చెప్పుకున్నాం.

దాన్ని విడిపించేది కూడా చక్కెరే. చక్కెర ప్రొటీన్లకు జిగురులా అంటుకుంటుంది. మూడు నెలల షుగర్ పరీక్ష అని మనం చేయించుకునే హెచ్‌బీఏ1సీ కొలిచేది ఈ అంటుకోవడాన్నే. మామూలు హిమోగ్లోబిన్‌కు భిన్నంగా ఉన్న ఈ రకం షుగర్ రోగుల్లో ఎక్కువగా ఉందని టెహ్రాన్‌లో శామ్యూల్ రాహ్‌బర్ 1968లో గుర్తించారు. హిమోగ్లోబిన్‌కు అంటుకున్న జిగురు ట్రాన్స్‌ఫెరిన్‌ను, సెరులోప్లాస్మిన్‌ను, డిస్మ్యుటేజ్‌ను వదిలిపెడుతుందా? వాటికీ అంటుతుంది. జిగురు పట్టిన డిస్మ్యుటేజ్ పని మందగిస్తుంది, తనలోని రాగిని జారవిడుస్తుంది. ట్రాన్స్‌ఫెరిన్ ఇనుమును మునుపంత గట్టిగా పట్టుకోలేదు. సూపర్ ఆక్సైడ్ కూడా ఫెరిటిన్‌లో దాచిన ఇనుమును బయటికి లాగగలదు.

అలా జారిన లోహం ఎక్కడికీ పోదు. చక్కెర జిగురు బాగా ముదిరిన ప్రొటీన్ల మీద, రక్తనాళాల గోడల్లో వచ్చి కూర్చుంటుంది. అక్కడ దానికి కాపలా లేదు. పెరాక్సైడ్ అందిన ప్రతిసారీ ఫెంటన్ సీసాలో జరిగిందే మళ్లీ జరుగుతుంది. రవ్వంత రాగి ఉంటే గ్లూకోజు తనంతట తాను ఆక్సీకరణ చెంది, పెరాక్సైడ్‌ను పుట్టించి, ప్రొటీన్లకు ఇంకా గట్టిగా అంటుకుంటుందని 1987లో సైమన్ వోల్ఫ్, రోజర్ డీన్ పరీక్షనాళికలో చూపించారు. చక్కెర లోహాన్ని విడిపిస్తే లోహం చక్కెరకు పదును పెడుతుంది. పులుపు కళాయిని తింటే, బయటపడిన రాగి పులుసును పాడుచేసినట్టే.

జింకు కథ మరో వైపు నుంచి వస్తుంది. దానికి ఫెంటన్ ఆట ఆడటం రాదు. ఇనుము, రాగి కూర్చోగల చోట తాను కూర్చుని వాటిని దూరంగా ఉంచుతుంది. రెటీనాలోను, దాని వెనక పొరల్లోను జింకు నిల్వలు ఎక్కువే. షుగర్ అదుపు తప్పినవాళ్లకు మూత్రంలో జింకు ఎక్కువగా పోతుంది. కాపలాదారు సెలవు మీద వెళ్లిపోయినట్టు.

ఒక బొట్టు రక్తం

ఒక ఎర్ర రక్తకణంలో సుమారు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు. ఒక్కోదానిలో నాలుగు ఇనుప పరమాణువులు. అంటే కణానికి వంద కోట్లకు పైగా. కంటి జెల్లీలోకి ఒక బొట్టు రక్తం ఊరితే ఎంత ఇనుము చేరిందో లెక్కేయండి. ఒంట్లో మరోచోట కమిలితే వారం పది రోజుల్లో ఆకుపచ్చబడి, పసుపుబడి మానిపోతుంది. కంటి జెల్లీలో ఊడ్చే సిబ్బంది తక్కువ. అక్కడ రక్తం కరగడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అన్నాళ్లూ ఇనుము రెటీనా పక్కనే ఉంటుంది.

ఇనుమును రెటీనా ఎంత ఓర్చుకోలేదో కంటి డాక్టర్లకు షుగర్‌తో సంబంధం లేకుండానే తెలుసు. ఉలి మీద సుత్తి దెబ్బ వేస్తున్నప్పుడు ఇనుప రజను కంట్లోకి దూసుకుపోయి అక్కడే ఉండిపోతే, గాయం మానినా నెలల తర్వాత రేచీకటి వస్తుంది, చూపు ఆరిపోతుంది. దాన్ని సిడరోసిస్ అంటారు. లేత్ మిషను, గ్రైండింగ్ పనివాళ్లు కళ్లద్దాలు పెట్టుకోవాలని పదే పదే చెప్పేది ఇందుకే.

మరి లోహాన్ని తీసేస్తే?

ఇక్కడిదాకా చదివాక ఎవరికైనా వచ్చే ఆలోచనే నాకూ వచ్చింది. ఇనుము, రాగి ఇంత పని చేస్తుంటే మందిచ్చి బయటికి తీసేస్తే పోదా? లోహాలను పట్టి లాగే మందులున్నాయి. మధుమేహం ఉన్న ఎలుకల్లో కొన్ని మంచి ఫలితాలూ ఇచ్చాయి. మనుషుల దగ్గరికి వచ్చేసరికి చరిత్ర భయపెడుతుంది.

జపాన్‌లో విరేచనాలకు క్లియోక్వినాల్ అనే మందు విరివిగా వాడేవారు. అది రాగిని, జింకును పట్టుకునే రకం. సుమారు పదివేల మందికి కాళ్లు చచ్చుబడ్డాయి, చాలామందికి చూపు పోయింది. 1970లో అక్కడ దాన్ని నిషేధించారు. తలసీమియా పిల్లలకు పదే పదే రక్తం ఎక్కించడం వల్ల ఒంట్లో పేరుకునే ఇనుమును తీయడానికి డెస్ఫెరాక్సమిన్ ఇస్తారు. వాళ్ల ప్రాణం నిలబెట్టే మందు అది. దాని వల్లే కొందరికి రెటీనా దెబ్బతింటోందని 1980ల నుంచి డాక్టర్లు గమనిస్తున్నారు, అందుకే ఆ పిల్లలకు కళ్లు పరీక్షిస్తూ ఉంటారు. క్షయకు వాడే ఇథాంబుటాల్ కొందరిలో కంటినరాన్ని దెబ్బతీయడానికి కారణం అది రాగిని, జింకును పట్టుకోవడమేనని ఒక బలమైన అనుమానం. కన్ను లోహం ఎక్కువైనా ఓర్చుకోదు, తగ్గినా ఓర్చుకోదు.

"కీలేషన్ థెరపీ" పేరుతో సెలైన్ సీసాల్లో మందు ఎక్కించి లోహాలు కడిగేస్తామని ఊరించే ప్రకటనలు వస్తుంటాయి. ఈ చికిత్స మీద అమెరికా, కెనడాల్లో, ఒకసారి గుండెపోటు వచ్చిన వెయ్యిమంది మధుమేహులతో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. వాళ్ల రక్తంలో సీసం 61 శాతం తగ్గింది. గుండెపోట్లు, మరణాలు మాత్రం తగ్గలేదు. అది కంటి మీద చేసిన పరీక్ష కాదన్నది నిజమే. లోహం కడిగితే జబ్బు కడిగినట్టు కాదన్న సంగతి దాంట్లో స్పష్టంగా ఉంది.

ఇంకో వైపు, లోహాన్ని కలిపి అమ్మే మాత్రలు. మందుల షాపుల్లో కంటిచూపు కోసమని ఇచ్చే జింకు, రాగి, విటమిన్ల మాత్రలకు మూలం 2001లో వెలువడిన ఎరెడ్స్ అనే అమెరికా అధ్యయనం. రోజుకు 80 మిల్లీగ్రాముల జింకు వాడారు, అంత జింకు వేస్తే రాగి తగ్గిపోతుందని 2 మిల్లీగ్రాముల రాగి కలిపారు. మేలు జరిగింది వయసుతో వచ్చే మాక్యులా జబ్బు మధ్య దశలో ఉన్నవాళ్లకు. అది వేరే జబ్బు. షుగర్ వల్ల దెబ్బతిన్న కంటికి ఆ మాత్రలు చికిత్స కావు. డబ్బు పోతే పోయింది, "మాత్ర వేసుకుంటున్నాను కదా" అని ఫొటో పరీక్ష మానేస్తే పోయేది చూపు.

భస్మాల గురించి కూడా ఒక మాట చెప్పి తీరాలి. అమెరికాలోని బోస్టన్ పరిసర దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే పద్నాలుగింటిలో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో ఉన్నట్టు 2004లో తేలింది. పేరు ఊరు లేని పొట్లాల్లో షుగర్ మందు తెచ్చుకునేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. దయచేసి వద్దు. రాగి చెంబు నీళ్ల గురించి చాలామంది అడుగుతారు. శుభ్రంగా తోమిన చెంబులో మంచినీళ్లు తాగితే ఫరవాలేదు, షుగరూ తగ్గదు. తాగే నీటిలో లీటరుకు 2 మిల్లీగ్రాముల వరకు రాగి ఉండొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. మజ్జిగ, నిమ్మరసం మాత్రం అందులో పోయొద్దు. ఎందుకో పెద్దమ్మ తరం వాళ్లనడిగితే చెబుతారు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టే సంగతి ఐరన్ మాత్రలు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగం మందికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. "ఇనుము కంటికి చేటట" అన్న అరముక్క పట్టుకుని ఎవరైనా ఆ మాత్రలు మానేస్తే నేను ఈ వ్యాసం రాసి పాపం చేసినట్టే. రక్తం తక్కువైతే రెటీనాకు అందే ఆక్సిజన్ తగ్గుతుంది, రెటినోపతి ముదిరే ముప్పు పెరుగుతుంది. చెరుపు చేసేది కాపలా తప్పించుకున్న ఇనుము. డాక్టరు రాసిన మాత్రలోని ఇనుము హిమోగ్లోబిన్ కట్టడానికి పోతుంది.

తార్నాక రోడ్డు మీద రెండు ప్రయోగశాలలు

ఈ విషయం మీద మంచి పని మన హైదరాబాద్‌లో, ఒకే దారిలో ఉన్న రెండు సంస్థల్లో జరిగింది.

సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో మోహన్‌రావు బృందం కంటి కటకంలో దండిగా ఉండే ఆల్ఫా క్రిస్టలిన్ అనే ప్రొటీన్ మీద ఏళ్ల తరబడి పనిచేసింది. వేడికి చెదిరిన ఇతర ప్రొటీన్లు ముద్దకట్టకుండా పట్టుకుంటుందని దానికి పేరు. ఇది రాగి అయాన్లను ఏరికోరి చాలా గట్టిగా పట్టుకుంటుందని, అలా పట్టుకున్న రాగి ఫ్రీ రాడికల్స్ పుట్టించలేదని 2008లో వాళ్లు చూపించారు. మన కంట్లోనే ఒక కళాయివాడు ఉన్నాడని తెలిసిన రోజు నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. కటకం మధ్యభాగం పుట్టినప్పుడు ఉన్న ప్రొటీన్లతోనే దాదాపు జీవితమంతా గడపాలి. అవి మళ్లీ పుట్టవు. షుగర్ ఉన్నవాళ్లకు శుక్లాలు ముందే రావడం వెనక ఈ కాపలాదారు అలిసిపోవడం కూడా ఉంది.

జాతీయ పోషకాహార సంస్థలో భానుప్రకాశ్‌రెడ్డి బృందం పసుపు మీద చేసిన పని మరో పాఠం. మధుమేహం తెప్పించిన ఎలుకల మేతలో కాస్త పసుపు, కాస్త కర్క్యుమిన్ కలిపితే రక్తంలో చక్కెర తగ్గలేదు, అయినా శుక్లం ముదరడం ఆలస్యమైందని 2005లో ప్రచురించారు. అంతకు రెండేళ్ల ముందు గెలాక్టోజు వల్ల వచ్చే శుక్లం మీద చేసిన ప్రయోగంలో, తక్కువ మోతాదు కర్క్యుమిన్ మేలు చేస్తే, దానికి అయిదు రెట్లు వేసినప్పుడు శుక్లం ఇంకా తొందరగా ముదిరింది. వంటింటి చిటికెడుకూ షాపులో కొన్న క్యాప్సూల్‌కూ తేడా ఎంతో ఆ ఎలుకలు చెప్పాయి. నిజాయితీగా ఆ రెండు ఫలితాలనూ లోకానికి చెప్పిన శాస్త్రవేత్తలకు నమస్కారం పెట్టాలనిపిస్తుంది.

మరిచిపోని కన్ను

దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటేనని ఐసీఎంఆర్ సర్వే 2023లో చెప్పింది. నలభై దాటిన షుగర్ రోగుల్లో నూటికి పన్నెండు మందికి పైగా రెటినోపతి, నూటికి నలుగురికి చూపు పోయేంత ముదిరిన దశ ఉన్నాయని అంతకు ముందు ఏడాది వచ్చిన మరో జాతీయ అధ్యయనం తేల్చింది.

అమెరికా, కెనడాల్లో 1983 నుంచి పదేళ్లు నడిచిన డీసీసీటీ అనే పరీక్షలో 1,441 మంది టైప్-1 రోగులను రెండు జట్లు చేశారు. చక్కెరను గట్టిగా అదుపులో పెట్టిన జట్టులో కొత్తగా రెటినోపతి వచ్చే ముప్పు 76 శాతం తగ్గింది. పరీక్ష ముగిశాక రెండు జట్ల చక్కెరా కొన్నేళ్లకు ఇంచుమించు ఒకే స్థాయికి చేరింది. అయినా మొదట్లో అదుపులో ఉన్నవాళ్ల కళ్లే ఏళ్ల తరబడి మెరుగ్గా ఉన్నాయి. మొదట్లో అదుపు తప్పినవాళ్లు తర్వాత సర్దుకున్నా పాత బాకీ వెంటాడింది. కంటికి జ్ఞాపకం ఉందన్నమాట. డెట్రాయిట్‌లో రేణు కౌలూరు బృందం ఈ జ్ఞాపకాన్ని వెతుక్కుంటూ వెళ్లి రెటీనా మైటోకాండ్రియా దగ్గర పట్టుకుంది. చక్కెర తగ్గాక కూడా అక్కడ ఆక్సీకరణ దెబ్బ తగ్గడం లేదు. మాంగనీసుతో పనిచేసే డిస్మ్యుటేజ్‌ను ఎక్కువగా తయారుచేసుకునే ఎలుకలకు మాత్రం షుగర్ వచ్చినా రెటీనా చాలావరకు క్షేమంగా ఉంది.

అందుకే మొదటి అయిదారేళ్లు బంగారం. టైప్-2 అని తేలిన రోజునే కంటి లోపలి ఫొటో తీయించాలి, ఆ తర్వాత ఏడాదికోసారి. టైప్-1 అయితే అయిదేళ్లలోపు మొదలుపెట్టాలి. షుగర్ ఉన్న ఆడపిల్ల గర్భం దాలిస్తే మొదటి మూడు నెలల్లోనే. చాలా ఏళ్లు ఎక్కువగా ఉన్న చక్కెరను ఒక్కసారిగా దించితే రెటినోపతి కొన్నాళ్లు పెరిగినట్టు కనిపించవచ్చు, అప్పుడు కంటి డాక్టరుకు తెలియాలి, భయపడి మందు మానకూడదు.

పెద్దమ్మకు లేజర్ చేశారు. లేజర్ ఎందుకు పనిచేస్తుందో తెలిశాక ఈ కథంతా నాకు ఒక్కచోట కలిసింది. రెటీనా అంచుల్లో వందల చిన్న చుక్కలు కాల్చి, ఆక్సిజన్ తాగే కణాలను కొన్నిటిని బలి ఇస్తారు. అడిగే నోళ్లు తగ్గితే మిగిలినవాటికి గాలి అందుతుంది, కొత్త నాళాల కోసం కబురు ఆగుతుంది. నడిమి భాగంలో నీరు చేరిన ఎడమ కంటికి ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. కంట్లో సూది అనగానే నా చెయ్యి పట్టుకుని వణికింది, అయ్యాక "చీమ కుట్టినంత కూడా లేదురా" అంది.

ఆ రోజు డాక్టరును ఆమె ఒకే ప్రశ్న అడిగింది. "బాబూ, మా వాడు కంట్లో ఇనుముందంటున్నాడు. రక్తం మాత్రలు మానెయ్యనా?" ఆమె హిమోగ్లోబిన్ తొమ్మిది. డాక్టరు చీటీ మీద ఆ మాత్ర పేరు కింద రెండు గీతలు గీసి, "ఇది మాత్రం మానొద్దమ్మా" అన్నారు.

ఇప్పుడు పొద్దున్నే కాఫీకి ముందు గోడ క్యాలెండరు దగ్గర నిలబడుతుంది. ఎడమ కన్ను మూసి తిథి చదువుతుంది, కుడి కన్ను మూసి మళ్లీ చదువుతుంది. కుడి కంటిలో బూజు నాలుగు నెలలకు విడిపోయింది. ఎడమ కంటికి తారీకుల గళ్లు ఇంకా కాస్త వంకరగానే ఉన్నాయి. వచ్చే నెల ఇంజెక్షన్ తేదీకి ఎర్ర పెన్సిలుతో సున్నా ఆమే చుట్టుకుంది.